గోస్తనీ ఫీల్డ్‌వర్క్: డ్యామ్ కింద ఏరు చిన్నదైపోతోంది, గ్రాఫ్ ఎలా గీయాలి?

ఎస్‌కోట_కుర్రాడు

అందరికీ నమస్కారం. డిగ్రీ ఆఖరి సంవత్సరం, జాగ్రఫీ. మా బ్యాచ్ ప్రాజెక్టు గోస్తనీ మీద. అనంతగిరి కొండల దగ్గర మొదలుపెట్టి భీమిలి సముద్రం దాకా ఏటి వెడల్పు, లోతు, వేగం, ప్రవాహం, రాళ్ల సైజు ఎలా మారతాయో కొలిచి చూపించాలి.

పుస్తకంలో చక్కగా ఉంది: దిగువకు పోయేకొద్దీ వెడల్పు పెరుగుతుంది, లోతు పెరుగుతుంది, ప్రవాహం పెరుగుతుంది, రాళ్లు చిన్నవై గుండ్రంగా మారతాయి. బ్రాడ్‌షా నమూనా అని త్రిభుజాల బొమ్మ కూడా ఇచ్చారు. మేం నవంబరులో ఊరికే ఒకసారి తిరిగొచ్చాం. తాటిపూడి రిజర్వాయరుకు పైన నీళ్లు తొడల దాకా వచ్చాయి. డ్యామ్ దాటి కిందికెళ్తే చీలమండ తడవడమే గగనం. జామి దగ్గర ఏరు వెడల్పుగానే ఉంది గానీ అందులో నీళ్లు ఒక పక్కన సన్నగా పారుతున్నాయి. ఇలా అయితే గ్రాఫ్ పైకి వెళ్లాల్సింది కిందికి దిగుతుంది. వేరే నదికి మారిపోదామని మావాళ్లలో సగం మంది అంటున్నారు. ఏం చెయ్యమంటారు?

భూగోళం_మాస్టారు

నది మార్చకు బాబూ. ముందు ఒక్కటి చెప్పు: నువ్వు చూస్తున్నది నీళ్ల వెడల్పా, ఏటి వెడల్పా?

నవంబరులో నువ్వు చూసిన నీరు ఆ రోజు నీరు. ఏటిని చెక్కింది అది కాదు. ఏడాదికో రెండేళ్లకో ఒకసారి ఒడ్డు నిండా పారే వరద ఉంటుంది చూడు, ఏటి ఆకారం చాలావరకు దాని పని. అందుకని ప్రతి చోటా రెండు కొలతలు తీసుకో: ఇవాళ్టి నీటి కొలత ఒకటి, ఒడ్డు నిండా పారితే ఎంతవరకు వస్తుందో ఆ కొలత ఒకటి. రెండోది పట్టుకోవడానికి కన్ను అలవాటు కావాలి. నిటారుగా లేచిన ఒడ్డు ఎక్కడ చదునుగా తిరుగుతుందో చూడు. ఇసుక మేటల పైభాగం ఏ ఎత్తులో ఉందో చూడు. రెల్లు, తుంగ ఆగిపోయి పెద్ద చెట్లు ఎక్కడ మొదలవుతున్నాయో చూడు. ఇవన్నీ ఇంచుమించు ఒకే మట్టంలో ఉంటే అదే నీ గీత. కొమ్మలకు చిక్కుకున్న గడ్డి, గుడ్డపీలికలు చూసి మోసపోకు, అవి పెద్ద తుపాను గుర్తులు.

ఇక సిద్ధాంతం. 1953లో లియోపోల్డ్, మాడక్ అనే ఇద్దరు అమెరికా నదుల రికార్డులు ముందేసుకుని లెక్క కట్టారు. దిగువకు పోతుంటే వెడల్పు ప్రవాహానికి 0.5 ఘాతంలో, లోతు 0.4లో, వేగం 0.1లో పెరుగుతాయని సగటున తేలింది. ఘాతాలు మూడూ కలిపితే 1 రావాలి, ఎందుకంటే వెడల్పు, లోతు, వేగం గుణిస్తే వచ్చేదే ప్రవాహం. ప్రవాహం 4 రెట్లయితే వెడల్పు 2 రెట్లు, లోతు 1.74 రెట్లు, వేగం 1.15 రెట్లు. గుణించి చూసుకో.

ఇక్కడ గమనించు, వీటిలో ఎక్కడా 'దూరం' లేదు. దిగువకు నడిచినందుకు ఏరు పెద్దది కాదు, నీరు కలిసినందుకు అవుతుంది. నీ గోస్తనీ మధ్యలో నీరు పట్టేసే రిజర్వాయరు ఉంది. కాబట్టి నీ గ్రాఫ్ తిరగబడలేదు, నదిలో జరిగిందే చూపిస్తోంది.

లోతుకర్ర

సర్వీసంతా కాలువల మీద ప్రవాహం కొలిచినవాణ్ణి. సిద్ధాంతం మాస్టారు చెప్పారు, నేను చేతిపని చెప్తాను.

చోటు తిన్నగా ఉండాలి. వంపులో కొలిస్తే బయటి ఒడ్డున లోతు, లోపలి ఒడ్డున మేట, ఏది చెప్పినా అబద్ధమే. వంతెన కింద అసలు వద్దు, స్తంభాల చుట్టూ నీరు తవ్వేసి ఉంటుంది. ఈ ఒడ్డున ఒక మేకు, ఆ ఒడ్డున ఒక మేకు కొట్టి టేపు బిగించి కట్టండి. వేలాడితే వెడల్పు ఎక్కువొస్తుంది. టేపు ప్రవాహానికి అడ్డంగా ఉండాలి, ఏటవాలుగా కాదు. వెడల్పును కనీసం 10 భాగాలు చేసి ప్రతి చోటా లోతు చూడండి. మధ్యలో ఒకటి, అంచుల్లో రెండు చూసి సగటు కట్టేవాళ్లను చాలామందిని చూశాను. కర్ర ఇసుకలోకి దిగబడకుండా అడుగున రేకు బిళ్ల కొట్టించుకోండి. కర్ర వెడల్పు వైపు నీటికి ఎదురుగా పెడితే నీరు ఎగదన్ని ఒక అంగుళం ఎక్కువ చూపిస్తుంది. పలక అంచు వైపు ఎదురు పెట్టండి.

వేగానికి మీటరు దొరికితే లోతులో 0.6 వంతు దగ్గర, పైనుంచి లెక్క, పెట్టి చదవండి. లోతు ఎక్కువైతే 0.2 దగ్గర, 0.8 దగ్గర రెండుసార్లు చదివి సగటు తీస్తాం. మీటరు లేకపోతే తేలే వస్తువు. ఖాళీ ప్లాస్టిక్ సీసా వెయ్యొద్దు, దాన్ని నీరు కాదు గాలి నడిపిస్తుంది. నారింజకాయ వెయ్యండి. ముప్పాతిక మునిగి తేలుతుంది, రంగు దూరానికి కనిపిస్తుంది, తప్పిపోయినా చేపలకు హాని లేదు. గీతకు కాస్త ఎగువన వదిలితే గీత దాటేసరికి నీటి వేగం అందుకుంటుంది. 10 మీటర్లకు ఎన్ని సెకన్లో చూడండి. మధ్యలో, రెండు పక్కలా వేర్వేరుగా వెయ్యండి. వచ్చింది పై నీటి వేగం. సగటు వేగానికి 0.85తో గుణించండి. అడుగు రాళ్లమయమైతే ఇంకాస్త తగ్గుతుంది.

ఇప్పుడు అన్నిటికన్నా ముఖ్యమైనది. డ్యామ్ కింద దిగేముందు రిజర్వాయరు ఆఫీసుకు వెళ్లి, ఆ రోజు గేట్లు, తూములు ఎత్తుతారా అని అడిగి, మీరు ఎక్కడ ఉంటారో చెప్పి రండి. 2014 జూన్ 8న హిమాచల్‌లో బియాస్ నదిలో ఏం జరిగిందో మనకెవరికీ చెప్పక్కర్లేదు. లార్జి డ్యామ్ నుంచి వదిలిన నీళ్లలో హైదరాబాద్ నుంచి వెళ్లిన 24 మంది ఇంజినీరింగ్ పిల్లలు పోయారు. రాళ్ల మీద నిలబడి ఫొటోలు దిగుతున్న పిల్లలు. ఎండాకాలపు ఏరే కదా అనుకున్నారు.

ఎస్‌కోట_కుర్రాడు

మాస్టారూ, సార్, ఇద్దరికీ థాంక్స్. ఆఫీసు సంగతి మావాళ్ల గ్రూపులో పెట్టేశాను, అది తేలకుండా ఎవరూ దిగరు. ఒక డౌటు. వేగం దిగువకు పెరుగుతుందంటున్నారు. కొండ మీద గెడ్డలో (అదే, వాగులో) నీళ్లు గలగలా దూకుతున్నాయి, దిగువన పద్మనాభం దగ్గర కదులుతున్నట్టే లేదు. అక్కడ తక్కువ కదా?

లఫ్టన్_అమ్మ

ఇదే గొడవ మా ఇంట్లో కూడా! మేం లండన్ పక్కన ఎసెక్స్‌లో ఉంటాం. మా అమ్మాయి జీసీఎస్‌ఈ (మన పదో తరగతి పరీక్ష లాంటిది) జాగ్రఫీకి ఎప్పింగ్ అడవిలో లఫ్టన్ బ్రూక్‌కు తీసుకెళ్లారు. ఇక్కడ చుట్టుపక్కల బడి పిల్లలు చాలామంది ఆ వాగు దగ్గరకే వెళ్తారు. మన దగ్గరైతే దాన్ని గెడ్డ అని కూడా అనరు, పంట బోదె అంటారు. రబ్బరు బూట్లేసుకుని, టేపు, మీటరు స్కేలు, నీటి వేగం కొలిచే చిన్న పంకా గొట్టం పట్టుకుని ఒక రోజంతా బురదలో గడిపి వచ్చింది. వెడల్పు, లోతు పుస్తకంలో చెప్పినట్టే పెరిగాయి. వేగం మాత్రం ఒక చోట ఎక్కువ, ఒక చోట తక్కువ. వాళ్ల టీచరు ఏమీ కంగారు పడలేదు. 'ఎందుకు అలా వచ్చిందో రాయి, మార్కులు దానికే' అందట. పై తరగతి ఏ లెవెల్‌లోనైతే ఒక్కొక్కరు సొంతంగా ప్రశ్న ఎంచుకుని 3,000 నుంచి 4,000 మాటల రిపోర్టు రాయాలి, మొత్తం మార్కుల్లో దానికే 20 శాతం.

భూగోళం_మాస్టారు

ఆ టీచరమ్మకు నా నమస్కారాలు.

వేగం సంగతి. కొండ గెడ్డలో చప్పుడు ఉంటుంది, నురగ ఉంటుంది, సుడి ఉంటుంది. వేగం అనుకున్నంత ఉండదు. నీరు ప్రతి బండకూ కొట్టుకుని సగం శక్తి అక్కడే పోగొట్టుకుంటుంది. నారింజ వేసి చూడు, రాళ్ల వెనక మడుగులో తిరుగుతూ ఉండిపోతుంది.

మానింగ్ సూత్రంలో పెట్టి చూద్దాం, అంటే ఏటి ఆకారం, వాలు, గరుకుదనం నుంచి నీటి వేగం కట్టే లెక్క. అంకెలు నేను అనుకున్నవే, నదివి కావు. పైన గెడ్డ 2 మీటర్ల వెడల్పు, 0.2 మీటర్ల లోతు. నీటి అడ్డుకోత 0.4 చదరపు మీటర్లు, నీరు తగిలే అడుగు, పక్కలు కలిపి 2.4 మీటర్లు. భాగిస్తే 0.167. కింద ఏరు 20 మీటర్ల వెడల్పు, 1 మీటరు లోతు. 20ని 22తో భాగిస్తే 0.91. అంటే కింద ఒక్కో మీటరు నేలకు రాసుకునే నీరు ఎంతో ఎక్కువ, ఘర్షణ వాటా తక్కువ. వాలు పైన 0.02, కింద 0.001 అనుకో, 20 రెట్లు తక్కువ. గరుకుదనం పైన రాళ్లలో 0.07, కింద ఇసుకలో 0.03. లెక్క కడితే పైన సెకనుకు 0.61 మీటర్లు, కింద 0.99 మీటర్లు వస్తుంది.

అయితే ఇది ఏటి నిండా నీరున్నప్పటి మాట. పద్మనాభం దగ్గర నీళ్లు చీలమండ లోతే ఉంటే ఈ లాభం ఏదీ రాదు. అప్పుడు నువ్వు చూసిందే నిజం, అక్కడ వేగం తక్కువే. ఒడ్డు నిండా పారే రోజు అలా కాదు, ఆ రోజు నిన్ను అక్కడికి ఎవరూ వెళ్లనివ్వరు కూడా.

గెడ్డపక్కోడు

ఏటి బాబూ, జామి దిగువన కొలుస్తారా? చూసుకుని దిగండి. ఇసక ఎత్తుకుపోయిన గోతులున్నాయి. అందులో కర్ర పెడితే మీకు ఏటి లోతు రాదు, లారీల లోతు వస్తాది. పైన నీరు తేరుకుని అద్దంలా ఉంటాది, అడుగు కనపడతన్నట్టే ఉంటాది, దిగితే మనిషి లోతు.

మాది ఏటి ఒడ్డు పొలమే. మా అయ్య ఉన్నప్పుడు ఇసకలో చేత్తో చెలమ తీస్తే నీరు ఊరేది. ఇప్పుడు మోకాటి లోతు తవ్వినా తడి తగల్దు. పైన డ్యామ్‌లో నీరు విశాఖ తాగడానికి పోతాది, కాలవల్లో కొంత పొలాలకి పోతాది, మిగిలింది ఏట్లోకి ఒస్తే అందులో కొంత మళ్లీ ఇసకలో ఊట తోడి పట్నానికే పట్టుకెళ్తారు. ఇంక ఏటికేటి మిగుల్తాది?

ఇంకోటి. డ్యామ్ దిగువ ఏట్లో నడిమధ్యకి సర్కారు తుమ్మ, రెల్లు వచ్చేసినాయి. మా చిన్నప్పుడు అక్కడ నీరు పారేది. ఆ తుమ్మల దగ్గర ఒడ్డు ఏదో మధ్య ఏదో మాకే తెల్దు, మీకేటి తెలుస్తాది.

భూగోళం_మాస్టారు

ఈయన చెప్పిన తుమ్మల మాట నీ రిపోర్టులో ఒక పేజీ. తాటిపూడి డ్యామ్ 1960లలో కట్టారు. అప్పట్నుంచి చిన్న, మధ్యరకం వరదలు పైనే ఆగిపోతున్నాయి. ఏటేటా వచ్చి మొక్కలు పెరికేసే వరద రాకపోతే మేటల మీద రెల్లు నిలుస్తుంది, తర్వాత తుమ్మ నిలుస్తుంది, అవి బురద పట్టి ఉంచుతాయి, ఏరు పక్కల నుంచి మూసుకొస్తుంది. కాబట్టి అక్కడ రెండు ఒడ్లు దొరుకుతాయి. డ్యామ్‌కు ముందటి పాత ఒడ్డు ఒకటి, దాని లోపల కొత్తగా కట్టుకున్న చిన్న ఒడ్డు ఒకటి. రెండూ కొలిచి రెండూ రాయి. పాతదానికీ కొత్తదానికీ తేడాయే డ్యామ్ చేసిన పని.

రైతుగారూ, పిల్లలు వచ్చిన రోజు మీరు ఒక గంట వాళ్లతో ఉంటే నా లెక్చరు కంటే ఎక్కువ పనిచేస్తుంది.

సీమ_చిత్రావతి

నేను ఒప్పుకోను మాస్టారూ. అసలు ఈ నమూనా ఏడాది పొడుగునా వాన పడే దేశాల్లో పుట్టింది. మా వైపు రండి. పెన్నా, చిత్రావతి ఇసుక ఏర్లు. పైన వాన పడితే వచ్చిన నీరు దిగువకు పోతూ పోతూ ఇసుకలో ఇంకిపోతుంది. డ్యామ్ లేకపోయినా ప్రవాహం దిగువకు తగ్గే రోజులు బోలెడు. మన పిల్లలకు ఇంగ్లండు వాగుల బొమ్మ ఇచ్చి మన ఏటిలో అది వెతకమంటే ఎలా?

భూగోళం_మాస్టారు

సగం ఒప్పుకుంటాను. బ్రాడ్‌షా బొమ్మ తడి దేశపు బొమ్మే. కానీ లియోపోల్డ్, మాడక్ వాళ్ల కొలతల్లో ఎక్కువ భాగం అమెరికా గ్రేట్ ప్లెయిన్స్‌వి, నైరుతి ఎడారి రాష్ట్రాలవి. వాళ్లకూ ఇసుక ఏర్లు తెలుసు. అందుకే వాళ్లు వెడల్పును దూరంతో కాక ప్రవాహంతో ముడిపెట్టారు. ప్రవాహం తగ్గే చోట వెడల్పు కూడా తగ్గితే ఆ సూత్రం తప్పినట్టు కాదు, నిలబడినట్టు.

సీమ_చిత్రావతి

మా చిత్రావతి వెడల్పు తగ్గదు సార్, అదే మా బాధ. నీళ్లు లేకపోయినా ఇసుక మైదానంలా పడుంటుంది.

భూగోళం_మాస్టారు

అది ఎప్పుడో వచ్చే పెద్ద వరద చెక్కిన వెడల్పు. దాన్ని మళ్లీ మూసేంత మామూలు ప్రవాహం మధ్యలో రాదు. ఇది మంచి పాయింటే, ఒప్పుకున్నాను. గోస్తనీలో జామి దగ్గర వెడల్పాటి ఏట్లో సన్నటి పాయ ఎందుకుందో చెప్పడానికి ఇది కూడా పనికొస్తుంది.

గోదారి_గట్టు

మధ్యలో నాదో మాట. రాజమండ్రి దగ్గర గోదావరి ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు దాదాపు 3 కిలోమీటర్లు. దానికి ఎగువన పాపికొండల్లో లాంచీలో వెళ్తే రెండు పక్కలా కొండలు మీదికొచ్చినట్టే ఉంటాయి. భద్రాచలం దగ్గర వెడల్పుగా పారిన నది అక్కడికొచ్చి ఇరుకైపోయి లోతు పెంచుకుంటుంది. గట్టి రాయిని నది అంత తేలిగ్గా కొయ్యలేదు కదా. కాబట్టి తమ్ముడూ, డ్యామ్ ఒక్కటే కాదు, ఒడ్డు దేనితో చేసిందో కూడా రాసుకో: బండా, ఎర్రమట్టా, బంకమట్టా, వదులు ఇసుకా. బంకమట్టి ఒడ్డయితే ఏరు లోతుగా ఇరుగ్గా ఉంటుంది, ఇసుక ఒడ్డయితే పరుచుకుంటుంది.

ఎస్‌కోట_కుర్రాడు

అన్నా, ఒడ్డు కాలమ్ ఫారంలో పెట్టాం. మాస్టారూ, రాళ్ల సంగతి చెప్పండి. ఒక్కో చోట ఎన్ని తియ్యాలి, ఎలా తియ్యాలి?

భూగోళం_మాస్టారు

చోటుకు 100. వోల్మన్ అనే ఆయన 1954లో చెప్పిన పద్ధతి. ఏట్లో అడ్డంగా అటూ ఇటూ నడువు, ఒక్కో అడుగు వేసి ఆగు, కిందకు చూడకుండా బొటనవేలి కొసకు మొదట తగిలిన రాయి తియ్యి. చూసి తీస్తే చెయ్యి తనకు నచ్చిన రాయి మీదికే పోతుంది, గుండ్రటి నున్నటి రాళ్లన్నీ నీ సంచిలోకి చేరతాయి. పొడుగు కాదు, మధ్య కొలత చూడు, అంటే రాయి ఏ సైజు జల్లెడ కన్నంలోంచి దూరుతుందో ఆ కొలత. సగటు కాకుండా మధ్యగతం తీసుకో.

రాయి ఏ రకమో కూడా రాసుకో. అనంతగిరి కొండలు చాలావరకు ఖొండలైటు, చార్నొకైటు. బొర్రా వైపు సున్నపురాయి. ఖొండలైటు తొందరగా శిథిలమై విరిగిపోతుంది, క్వార్ట్‌జ్ మొండిది. దిగువకు పోయేకొద్దీ మెత్తని రాళ్లు మాయమై క్వార్ట్‌జ్ గులకలే మిగిలాయంటే అది అరుగుదలే, కానీ అన్ని రాళ్లూ సమానంగా అరగలేదని అర్థం. పక్క గెడ్డ కలిసిన చోటుకు దిగువన మళ్లీ కోసుగా, పెద్దగా ఉన్న రాళ్లు కనిపిస్తే కంగారు పడకు, ఆ గెడ్డ తెచ్చిన కొత్త సరుకు అది.

డ్యామ్ కింద ఇంకో తమాషా. ఇసుక, గులక రిజర్వాయరులో ఆగిపోతాయి. బయటికొచ్చే నీరు ఖాళీ చేతులతో వస్తుంది, దొరికిన సన్నరాయి ఎత్తుకుపోతుంది. పెద్దరాళ్లు మాత్రం నేలమీద పేర్చినట్టు మిగులుతాయి. పై పొర తీసి కింద చూడు, అడుగున సన్న ఇసుక ఉంటుంది. పైపొర వేరుగా, కిందిపొర వేరుగా రాసుకో.

లఫ్టన్_అమ్మ

మాస్టారూ, మాది భీమిలే. చిన్నప్పుడు గోస్తనీ కలిసే చోట ఇసుకలో నల్లగా, ఎర్రగా చారలుండేవి. దోసిట్లో పట్టుకుని ఊపితే ఎర్రటివి మెరిసేవి. అవేంటి?

భూగోళం_మాస్టారు

ఎర్రవి గోమేదికాలమ్మా, ఖొండలైటులో ఉండేవే. నల్లవి చాలావరకు ఇల్మనైటు అనే ఖనిజం. రెండూ మామూలు ఇసుక కంటే బరువు. అందుకని పళ్లెంలో నీళ్లు పోసి తిప్పితే తెల్ల ఇసుక పోయి ఇవి మిగులుతాయి. కుర్రాడా, ప్రతి చోటా ఒక పిడికెడు ఇసుక పట్టుకెళ్లి ఇలా తిప్పి చూడు. కొండ రాయి సముద్రానికి చేరే దారి నీ పళ్లెంలో కనబడుతుంది. మార్కులు రాకపోయినా చెయ్యి.

మ్యాపుల_పిచ్చి

గ్రాఫ్ గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను. అడ్డ అక్షం మీద దూరం వెయ్యకండి, ఆ చోటుకు ఎగువనున్న పరీవాహక విస్తీర్ణం, అంటే ఎంత నేల మీది వాన నీరు అక్కడికి చేరుతుందో అది, వెయ్యండి. సర్వే ఆఫ్ ఇండియా 1:50,000 షీట్ల మీద గీసుకోవచ్చు, క్యూజీఐఎస్ అనే మ్యాపుల సాఫ్ట్‌వేర్ వస్తే 30 మీటర్ల ఎత్తుల డేటాతో అరగంట పని. రెండు అక్షాలూ లాగ్ స్కేలు, అంటే 1, 10, 100 సమాన దూరాల్లో ఉండే స్కేలు. డ్యామ్ పైన చుక్కలకు ఒక గీత, కింద చుక్కలకు ఇంకో గీత. అన్నీ కలిపి ఒకే గీత గీస్తే రెండు నదుల్ని కలిపి కుట్టినట్టే.

రెండు కొలతలు కలిసి మారుతున్నాయా అని ర్యాంకులతో చూసే స్పియర్‌మన్ పరీక్ష చేస్తారనుకుంటా. 6 చోట్లే అయితే 5 శాతం స్థాయిలో నిలబడాలంటే గుణకం 0.886 రావాలి, అది కష్టం. 10 చోట్లుంటే 0.648 చాలు. కాబట్టి చోట్లు పెంచండి, ఒక్కో చోట సోకులు తగ్గించండి.

లోతుకర్ర

చోట్లు పెంచమన్నారు గదా అని పని వారాల తరబడి సాగదీయకండి. మధ్యలో ఒక అల్పపీడనం వస్తే పై సగం ఎండ లెక్క, కింది సగం వాన లెక్క అవుతుంది. ముగ్గురేసి రెండు జట్లు చేసుకుని వాన లేని వరుస రోజుల్లో ముగించండి. ప్రతి చోటా ఒక రాయి మీద పెయింటుతో నీటి మట్టం గీత పెట్టి సాయంత్రం మళ్లీ చూడండి. మట్టం మారితే ఆ రోజు కొలతల పక్కన ఆ మాట రాయండి.

ఎస్‌కోట_కుర్రాడు

ఇప్పటికి అనుకున్నది చెప్తాను. నది మారట్లేదు. డ్యామ్ పైన 5 చోట్లు, కింద 5 చోట్లు. మా శీర్షిక కూడా మార్చేశాం: దిగువకు ఏరు ఎలా మారుతుందని కాకుండా, తాటిపూడికి ఎగువ, దిగువ తేడా అని. మా కాలేజీ సార్ ఒప్పుకున్నారు. ఆఖరి చోటు భీమిలి వంతెనకు దిగువన పెడదామనుకుంటున్నాం, సముద్రం కలిసే చోటు కదా, ఫొటోలు కూడా బాగుంటాయి.

లోతుకర్ర

ఫొటోలు దిగండి, కొలత మాత్రం వద్దు. అక్కడ పోటు వస్తే నీరు వెనక్కి నడుస్తుంది. నీ నారింజకాయ కొండవైపు బయల్దేరుతుంది. అక్కడి వెడల్పు, లోతుల్లో సముద్రం వాటా ఎంతో విడదీయలేవు, ఇసుక దిబ్బ మూతికి అడ్డం పడిందంటే అది ఇంకో కథ. పోటు తగలని చోటు దాకా ఎగువకు వచ్చి అక్కడ ఆఖరి మేకు కొట్టండి. ఎక్కడిదాకా తగులుతుందో పడవలవాళ్లను అడిగితే చెప్తారు.

గెడ్డపక్కోడు

జామి దగ్గరకి ఏ రోజొస్తారో ముందు రోజు ఇక్కడ రాయండి బాబూ. గోతులు ఎక్కడున్నాయో నేనొచ్చి చూపిస్తాను. తాడు నా దగ్గరుంది, మీరు కొనకండి.